మందులొద్దు, కొలతలు చాలు

నా మాట రాసి పెట్టుకోండి: మనిషికి మందు కంటే కొలత మేలు!

మందుకు గడువుంటుంది, అంకెకు ఉండదు. మందును చల్లటి పెట్టెలో దాచాలి, అంకెను ఏ ఎండలో పడేసినా పాడవదు. మందు పడవలోంచి జారి నీళ్ళలో పడిందా, ఇక అంతే సంగతులు. అంకె అలా కాదు. సముద్రాలు దాటి పెద్ద పెద్ద నగరాలకు వెళ్ళి, అక్కడ గోడంత తెర మీద రంగురంగుల గీతలై వెలుగుతుంది. మందు మింగితే ఒక్క రోగికే గుణం. అంకె చూస్తే వందమంది ఆఫీసర్లకు ఒకేసారి ఊరట! ఇప్పుడు మీరే చెప్పండి, రెండింట్లో ఏది గొప్పది?

ఇంత గట్టిగా మాట్లాడుతోందంటే ఈవిడ బాగా చదువుకున్నదేమో అనుకునేరు. నేను ఆరో తరగతితో బడి మానేశాను. అయితే భయపడటంలో మాత్రం నన్ను మించినవాళ్ళు ఫ్లోరెస్ దీవి తూర్పు కొస నుంచి మా దీవి దాకా ఎక్కడా లేరు. మా ఆయన కొపోంగ్ చేపలకు వెళ్ళి ఒక గంట ఆలస్యమైతే చాలు, ఆయన శవం మీద కప్పడానికి పెట్టెలో ఏ నేత గుడ్డ బాగుంటుందో నేను ఎంచేసి ఉంటాను. మా నాలుగేళ్ళ సోమి ఒకసారి తుమ్మితే జలుబనుకుంటాను. రెండోసారి తుమ్మితే జ్వరమనుకుంటాను. మూడోసారి తుమ్మేలోపు ఫాదర్‌గారికి కబురు పెట్టాలా వద్దా అని ఆలోచిస్తూ ఉంటాను.

మా పక్కింటి కేవాకు నేనంటే కాలక్షేపం. పొద్దున్నే తమలపాకు నములుతూ దడి మీదుగా తొంగి చూస్తుంది.

"ఏంటే పెనీ, మొహం అలా ఖాళీగా పెట్టావ్? ఇవాళ భయపడటానికి ఏమీ దొరకలేదా?"

"గాలి పడమరకు తిరిగేలా ఉందక్కా."

"అమ్మయ్య, దొరికింది. ఇక మధ్యాహ్నం దాకా నీకు పనుంటుంది!"

నవ్వితే నవ్వనీ. పడమటి గాలి మొదలైతే మా సోమి ఛాతీలో ఈల మోగుతుంది. అది మాత్రం నేను కల్పించుకున్నది కాదు. ఊపిరి లోపలికి వెళ్తుంది గానీ బయటికి రావడానికి దారి దొరకనట్టు పిల్ల భుజాలు ఎగరేస్తుంది. అప్పుడు దాన్ని ఎత్తుకుని మా ఊరి ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తేదాన్ని. కేంద్రమంటే ఒకే గది. అందులో నర్సు బారెక్, ఒక మంచం, పైకప్పు మీది సోలార్ పలకతో నడిచే ఒక ఆవిరి మిషను. బారెక్ నర్సమ్మ ఆ మిషను గొట్టం పిల్ల మూతికి తగిలించి మందు ఆవిరి పట్టేది. పావుగంటకల్లా ఈల ఆగేది. అరగంటకల్లా సోమి మొక్కజొన్న అటుకులు కావాలని ఏడ్చేది. ఆ ఏడుపు వినడానికి ఎంత బాగుండేదో!

సరే, కొలతల సంగతికి వస్తాను.

పోయిన ఎండాకాలం రాజధాని నుంచి సర్వే వాళ్ళు వచ్చారు. మా ఊరు వైకెరోలో పడవ దిగినవాళ్ళలో వెనింగ్ అని జావా అమ్మాయి ఒకతె. చేతిలో వెలిగే పలక. ఎంత మర్యాదస్తురాలంటే, మా ఇంటి గడప దగ్గర కోడిపిల్లకు కూడా దారిచ్చి లోపలికొచ్చింది. ప్రపంచంలో ఉన్న జబ్బులన్నిటి బరువూ తూచే పెద్ద లెక్క ఒకటుందట. ఎక్కడ బరువు ఎక్కువుంటే అక్కడికి డబ్బూ మందులూ ముందు వెళ్తాయట. ఆ తక్కెడలో మా ఊరిని కూడా వేయడానికే వచ్చారట.

వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి! ఇందులో తప్పు పట్టగలిగే మొనగాడెవడైనా ఉన్నాడా?

ఒక్కటే చిక్కు. మా దీవిలో ఒక పద్ధతుంది. సముద్రం దాటాల్సిన మనిషి చెవిలో జబ్బు మాట వేయకూడదు. ఆ మాట మనిషితో పాటు పడవెక్కుతుంది, దీవుల మధ్య సముద్రపు పాయలో పడవను కిందికి లాగుతుంది. అందుకని రాత్రికి దీవిలో పడుకునేవాళ్ళకే మేం రోగాల సంగతి చెప్పుకుంటాం. బారెక్ నర్సమ్మ మా ఊళ్ళోనే ఉంటుంది కాబట్టి ఆవిడకు ఊరి ఒంట్లో ప్రతి పుండూ తెలుసు. వెనింగ్ వచ్చిన పడవ మాత్రం ఇంజను కూడా ఆపకుండా రేవులో నిలబడి ఉంది. ఆటుపోటు మారేలోపు వెళ్ళిపోవాలి.

అంత మంచి పిల్లను, పైగా పరాయి అమ్మ కన్న పిల్లను, నడి సముద్రంలో ముంచమంటారా?

కేవా ఇంటి అరుగు మీద ఏం జరిగిందో దడి ఇవతలి నుంచి నేను నా చెవులతో విన్నాను.

"ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉందా అమ్మా?"

"అబ్బే! అందరం గుండ్రాళ్ళలా ఉన్నాం తల్లీ."

అదే నిమిషాన తడిక వెనకాల కేవా మామగారు లాదో తాత దగ్గాడు. ఆయన దగ్గితే తడిక ఊగుతుంది.

"లోపల దగ్గుతున్నది ఎవరండీ?"

"మేకమ్మా."

తాత మళ్ళీ దగ్గాడు. దగ్గి, ఖాండ్రించి ఉమ్మాడు.

"మేక... ఉమ్మింది కదండీ?"

"మా మేకలు మర్యాద తెలిసినవి తల్లీ. నోట్లో పెట్టుకుని కూర్చోవు."

వెనింగ్ కాసేపు పలక వైపు చూసింది. అందులో మేకలకు గడి లేదు. 'లేదు' అని నొక్కి లేచింది. అలా నలభై ఇళ్ళు! పక్షవాతంతో పడుకున్న మనిషిని "నిద్ర మొద్దు" అన్నారు. కడుపుతో ఉండి కాళ్ళు వాచిన పిల్లను "పెళ్ళయ్యాక ఒళ్ళు చేసింది" అన్నారు. పోయిన నెల పోయిన పసిబిడ్డ సంగతి అడిగితే, "వాళ్ళమ్మమ్మ ఊరెళ్ళాడు" అన్నారు. ఆ మాట చెప్పిన తల్లి గొంతు ఎక్కడా వణకలేదు. అతిథి పడవ క్షేమంగా దాటాలి కదా!

చివరికి మా ఇల్లు.

నేనూ పద్ధతి తెలిసినదాన్నే. నోరు బిగించుకునే కూర్చున్నాను. కానీ ఆ పిల్ల, "మీ పాప ఊపిరి ఎలా ఉంటుందమ్మా?" అని అడిగింది. నా బతుకులో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి పరాయి మనిషి ఆమె. చెప్పేశాను. ఈల సంగతి, భుజాల సంగతి, పడమటి గాలి సంగతి, అంతా ఉన్నదున్నట్టు చెప్పాను.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

"ఇంకేమైనా ఉన్నాయా అమ్మా?" అందామె.

చూడండి, నాలాంటిదాన్ని అడగాల్సిన మాటేనా అది? గట్టుకు గండి పడినట్టయింది. మా ఆయన మోకాలు తిమ్మిరెక్కుతోంది, అది పక్షవాతానికి ముందు మాట. నా ఎడమ కన్ను అదురుతోంది, అది మెదడులో ఏదో పెరుగుతున్నందుకే. సోమి మొన్న మన్ను తిన్నది, కాబట్టి కడుపులో పాములు. నిన్న దోమ కుట్టింది, కాబట్టి రేపటికి మలేరియా. మా ఆయన నిద్రలో పళ్ళు కొరుకుతాడు, నాకు మెట్లెక్కితే గుండె కొట్టుకుంటుంది.

"గుండె అందరికీ కొట్టుకుంటుందమ్మా," అంది వెనింగ్ మెల్లగా.

"నాది చప్పుడు చేస్తూ కొట్టుకుంటుంది. అది కూడా రాసుకో తల్లీ."

పదకొండోది రాసేసరికి పలక మీద ఎర్ర వెలుగు వచ్చింది.

"యంత్రం ఒప్పుకోవట్లేదమ్మా. ఇంట్లో ముగ్గురే కదా, పదకొండు జబ్బులా?"

"మాకు మేకలు లేవు కాబట్టి సరిపోయింది. ఉంటే వాటివీ చెప్పేదాన్ని."

ఆమె నవ్వింది. నవ్వి, ఆ తక్కెడ ఎలా పనిచేస్తుందో నాకు చెప్పింది. ఆరోగ్యంగా ఉంటే సున్నా. చచ్చిపోతే ఒకటి. లోకంలో ఉన్న జబ్బులన్నీ ఆ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట ఉంటాయి. ప్రతిదానికీ ఒక బరువుంది. ఆ బరువుతో ఎన్నేళ్ళు బతికారో, ఎన్నేళ్ళు బతకాల్సినవాళ్ళు ముందే పోయారో, అన్నీ కలిపి కూడతారట.

ఎంత చక్కటి ఏర్పాటు! సున్నాకూ ఒకటికీ మధ్య! నా కాపురమంతా అక్కడే కదా గడిచింది! ఇంతకాలం ఆ చోటుకొక పేరుందని తెలియక, ఊరికే భయమనుకున్నాను.

"మరి తల్లి భయానికి ఎంత బరువు పెట్టారమ్మా?" అని అడిగాను.

వెనింగ్ పలకలో వెతికింది. నిజంగానే వెతికింది, నా సంతోషం కోసం కాదు. చాలాసేపు వెతికి, "దానికి లేదమ్మా," అంది. ఆ తర్వాత రేవులో కేకలు వినపడితే లేచి వెళ్ళిపోయింది. వాళ్ళ పడవ కనపడనంత దూరం వెళ్ళేదాకా ఊరంతా రేవులో నిలబడి చేతులూపింది. నేను మాత్రం ఆ పదకొండు జబ్బుల బరువుకు పడవ ఎక్కడ మునుగుతుందోనని పొద్దుగూకేదాకా సముద్రం వైపే చూస్తూ కూర్చున్నాను.

మునగలేదు. మునిగింది వేరే.

మూడు నెలలకు ఉత్తరం వచ్చింది. మా ఊరి పెద్ద బోలీ బాబాయి ప్రార్థన మందిరం పక్క హాల్లో అందరినీ కూర్చోబెట్టి, కళ్ళజోడు సర్దుకుని చదివాడు. జిల్లా మొత్తంలో జబ్బుల బరువు అందరికంటే తక్కువున్న ఊరు వైకెరో! చప్పట్లు మోగిపోయాయి. లాదో తాత మధ్యలో దగ్గు వచ్చి ఆపాడు గానీ, లేకపోతే ఆయనే అందరికంటే గట్టిగా కొట్టేవాడు.

"ఇంకా ఉంది, ఆగండర్రా," అన్నాడు బోలీ బాబాయి. ఆయన గొంతు తగ్గింది. "బరువు తక్కువున్నందున, ఇక్కడి నర్సునూ పరికరాలనూ బరువు ఎక్కువున్న చోటికి మార్చడమైనది."



"అదేంటి బాబాయ్?" అంది కేవా. "బాగున్నామంటే నర్సమ్మను పట్టుకుపోతారా?"

"రోగాల్లేని చోట నర్సు దండగంట."

"ఎవరు చెప్పారు లేవని?"

"నువ్వేనమ్మా. నేనూ చెప్పాను. మనందరం చెప్పాం."

నేను లేచాను. "మరి నేను చెప్పినవేవీ? నావి పదకొండు ఉన్నాయి కదా!"

బోలీ బాబాయి కాగితం తిరగేశాడు. అడుగున చిన్న అక్షరాలున్నాయి. "ఒక ఇంటి జవాబులు నమ్మశక్యంగా లేనందున లెక్క నుంచి తొలగించడమైనది."

ఊరంతా నా వైపు తిరిగింది.

"నీ ఇంటిని ప్రపంచమే కొట్టేసిందే పెనీ!" అంది కేవా. ఎవరో నవ్వారు. నేనూ నవ్వబోయాను. ఆ పదకొండింటిలో పది నా భయాలు, ఒకటి మా సోమి. పదింటితో పాటు దాన్నీ తుడిచేశారు. తుడవక ఏం చేస్తారు? వాళ్ళ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. ఉప్పు మూటలో పంచదార పలుకు ఎవరు ఏరతారు?

నాకు కోపం రాలేదని చెప్పను. కానీ మర్నాడు పెట్టె సర్దుకుంటూ బారెక్ నర్సమ్మ అసలు సంగతి చెప్పాక, ఈ లెక్కలు చేసేవాళ్ళ తెలివికి దండం పెట్టాను. ప్రపంచం మొత్తం మీద జబ్బులకు కావాల్సిన డబ్బు ఒకటుంటుందట, ఉన్న డబ్బు ఒకటుంటుందట. రెండింటి మధ్య పెద్ద లోటు. ఆ లోటు ఎంతో పైసల దాకా కొలిచి పెట్టుకున్నారు. ఇక దాన్ని పూడ్చాలి. పూడ్చడానికి రెండే దారులు. డబ్బు పెంచడం ఒకటి, రోగులను తగ్గించడం రెండోది.

మొదటి దారిలో ఎంత శ్రమ! ఎంతమందిని బతిమాలాలి! రెండో దారిలో నలభై ఇళ్ళవాళ్ళు అరుగు మీద కూర్చుని "బాగున్నాం" అంటే చాలు. మా వైకెరో ఒక్క మధ్యాహ్నంలో తన వంతు లోటు పూడ్చేసింది! డబ్బున్న దేశాలు ఇన్నేళ్ళుగా చేయలేని పని ఇది. మాకు సన్మానం చేయొద్దా?

వెళ్ళే ముందు బారెక్ నర్సమ్మ సోమి చొక్కా పైకెత్తి, దాని పొట్ట చూపించి నాకొక పాఠం చెప్పింది.

"ఇది పైకి లేచి దిగితే ఒకటి. అలా ఒక నిమిషం లెక్కపెట్టు పెనీ. నలభై దాటితే ఇక ఆలోచించకు, నన్ను తిట్టుకుంటూ కూర్చోకు. పట్నానికి పడవెక్కు."

"నలభై దాటకపోయినా ఎక్కేస్తానేమో నర్సమ్మా, నా సంగతి నీకు తెలుసుగా."

"అందుకేనే లెక్క నేర్పుతున్నది. నీ భయాన్ని నమ్మకు, అంకెను నమ్ము."

ఆరోగ్య కేంద్రానికి తాళం పడింది. మిషను పడవెక్కింది. ఈసారి రేవులో ఎవరూ చేతులూపలేదు.

ఊరికి అప్పుడు బుద్ధొచ్చింది. ఉన్న రోగాలన్నీ వరసగా రాసి బోలీ బాబాయి జిల్లా ఆఫీసుకు పంపాడు. జవాబు ఎంత మర్యాదగా వచ్చిందో! మళ్ళీ లెక్క ఐదేళ్ళకట. అప్పటిదాకా పాత అంకెలే చెల్లుతాయట. మా ఫిర్యాదును కూడా లెక్కలోకి తీసుకున్నారట, ఫిర్యాదుల లెక్కలోకి.

"అయితే ఐదేళ్ళు నేను ఆగాలన్నమాట," అన్నాడు లాదో తాత.

"ఆగు మామా," అంది కేవా. "ఈసారి వాళ్ళొస్తే నిన్ను అరుగు మీదే కూర్చోబెడతాను. ఎంత కావాలంటే అంత దగ్గు."

అది నవ్వులాటకే అంది. కానీ ఆ రోజు నుంచి నన్ను దడి మీదుగా ఆట పట్టించడం మానేసింది.

ఐదేళ్ళ గడువు కూడా మంచిదేనని నా వాదన. రోగమంటే ఎప్పుడు పడితే అప్పుడు రావడమేనా? దానికీ క్రమశిక్షణ ఉండొద్దూ? సర్వే ఏడాది వచ్చే జబ్బు బుద్ధిమంతురాలు. మధ్యలో వచ్చేది అల్లరిది. మా సోమి జబ్బు అల్లరిది. లెక్కకు ఇంకా నాలుగేళ్ళ పైన ఉండగానే, పడమటి గాలి తిరిగిన మూడో రోజు పొద్దున్నే వచ్చింది.

చొక్కా ఎత్తి లెక్కపెట్టాను. యాభై రెండు.

నా భయమేమో అనుకుని మళ్ళీ లెక్కపెట్టాను. యాభై నాలుగు.

కొపోంగ్ ఇంజనుకు నూనె పోశాడు. పడమటి గాలిలో ఆ పాయ మీద పెద్ద పడవలే తిరగవు. మాది రెండు పక్కలా చాచిన వెదురు చేతులతో తేలే చేపల పడవ. నేను పిల్లను నేత గుడ్డలో చుట్టుకుని నడుం లోతు నీళ్ళలో నడుస్తుంటే, వెనక నుంచి ఎవరో నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చి పడవ పట్టుకున్నారు. కేవా.

"నువ్వెందుకక్కా? గాలి చూడు!"

"పిల్లను పట్టుకుంటావా, గడియారం చూస్తావా? నీకు చేతులు రెండేగా. జరుగు."

ఆమె దగ్గర నిమిషాలు చూపించే ఫోనుంది. కాగితం లేదు, పెన్ను లేదు. తమలపాకుల సంచీలో సున్నం డబ్బా ఉంది. నేను పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టి చెప్పడం, కేవా సున్నంలో వేలు ముంచి పడవ లోపలి చెక్క మీద అంకె వేయడం. నిమిషం లెక్క, నిమిషం ఊరట. అలా రెండు గంటల పైన.

"ఎంత?"

"యాభై ఆరు."

"సరిగ్గా చెప్పు. ఎక్కువ చెప్పకు."

"చెప్పట్లేదక్కా."

కొపోంగ్ అల చూసి చుక్కాని తిప్పుతున్నాడు తప్ప వెనక్కి తిరగలేదు. తిరిగితే పిల్ల మొహం చూడాలి. చూస్తే అల తప్పుతుంది.

పట్నం ఆస్పత్రిలో మా వరస వచ్చేసరికి తెల్ల బట్టల్లో నర్సు పరుగెత్తుకొచ్చింది. ఎవరనుకున్నారు? మా బారెక్ నర్సమ్మే! ఆమె చేతిలో ఉన్నది ఏమనుకున్నారు? గొట్టానికి నీలం దారం కట్టిన మా ఆవిరి మిషనే! ఆ దారం మా ఊళ్ళో వదులైన బిగింపుకు ఆమే కట్టింది.

"ఇప్పుడెంతుందే?" అంది మూతికి గొట్టం తగిలిస్తూ.

"యాభై ఎనిమిది."

ఆమె పెదవులు బిగించి మీట నొక్కింది. పావుగంటయ్యాక సోమి గొట్టం వెనకాల నుంచి కళ్ళు తిప్పి చూసి, "మన మిషను," అంది. అందరం విన్నాం.

ఎంత తెలివైన ఏర్పాటో గమనించారా? అదే పిల్ల, అదే నర్సు, అదే మిషను. మధ్యలో కాస్త సముద్రం కలిపారు, అంతే! ఇదివరకు ఇంటి నుంచి వంద అడుగులు నడిస్తే అయిపోయేది. అందులో ఏం విశేషముంది? కష్టపడి సంపాదించుకున్న ఊపిరికి విలువెక్కువ కదా!

చీటీ రాసేచోట గుమాస్తా అడిగాడు. "ఊరు?"

"వైకెరో."

అతను వెతికాడు, కిందికీ పైకీ జరిపాడు. "ఆ ఊరు జాబితాలో లేదమ్మా. ఆరోగ్య కేంద్రాలున్న ఊళ్ళే వస్తాయి. ఇక్కడెక్కడ దిగారు?"

"రేవు వీధిలో. మా ఆయన మేనత్త ఇంట్లో."

"అయితే రేవు వీధనే రాస్తాను."

రాసేశాడు. మా సోమి జబ్బు ఆ విధంగా పట్నం రేవు వీధిదయింది. వాళ్ళ బరువు పెరిగింది, మా ఊరి పేరు చెక్కుచెదరలేదు. వచ్చే లెక్కలో రేవు వీధికి ఇంకో మిషను రావచ్చునంటున్నారు. వాళ్ళ వీధి చివరే ఆస్పత్రి, పాపం, ఒక మిషనుతో ఎలా నెగ్గుకొస్తున్నారో! మూడు రోజులు ఉండి పిల్లను తీసుకుని ఇంటికొచ్చాం. వచ్చేసరికి బోలీ బాబాయి వాకిట్లో కొత్త చెక్క పలక వేలాడుతోంది. జిల్లాలో అందరికంటే ఆరోగ్యకరమైన ఊరికి బహుమానం!

కాబట్టి కొలతల మీద నాకేమీ ఫిర్యాదు లేదు. కొలవండయ్యా, కడుపునిండా కొలవండి. మా రోగాలు, మా ఏళ్ళు, మీ లోటు, అన్నీ కొలవండి. నాకు ఒక్కటే అర్థం కాదు. మా రేవు నుంచి ఆ మిషను దాకా నాలుగేళ్ళ పిల్ల ఎన్ని ఊపిర్లలో వెళ్ళగలదో ఎవరూ కొలవలేదెందుకని?

నా దగ్గరుంది. ఎవరికైనా కావాలంటే రండి. మా పడవ లోపలి చెక్క మీద వరసగా వేసి ఉన్నాయి. సున్నం ఎండి చెక్కకు పట్టేసింది, కొపోంగ్ దాన్ని కడగడం లేదు. యాభై ఆరు. యాభై ఎనిమిది. అరవై ఒకటి. అరవై ఒకటి. యాభై తొమ్మిది. ఈసారి ఒక్కటి కూడా ఎక్కువ చెప్పలేదు, కేవా సాక్షి.

పాయ నడుమ దాకా వచ్చాక వరసలో ఒకచోట ఖాళీ ఉంది. అక్కడ అంకె లేదు, సున్నం చుక్కలు మాత్రం రాలి ఉన్నాయి. కేవా సున్నం వేలు ఎత్తి పట్టుకుని, "ఎంతే? పెనీ, ఎంత?" అని అడుగుతూనే ఉంది. నా చెయ్యి పిల్ల పొట్ట మీదే ఉంది, ఆ పొట్ట లేవడం లేదు, చెప్పడానికి ఏమీ లేదు.